చందా వేయని సహవాసం

రోమా 15:26లో మన తెలుగు బైబిల్‌కి ఒక వాడుక మాట దొరికింది. యెరూషలేములోని బీదల కోసం మాసిదోనియవారూ అకయవారూ "కొంత సొమ్ము చందా వేయ నిష్టపడిరి" అని ఉంటుంది అక్కడ. చందా అని తెలుగు చేసిన ఆ గ్రీకు మాట కొయినోనియా. అపొస్తలుల కార్యములు 2:42లో "సహవాసము" అన్నదీ ఆ మాటనే. మొదటి కొరింథీ 10:16లో ప్రభువు బల్ల గురించి "పాలుపుచ్చుకొనుట" అన్నదీ దాన్నే. లూకా 5:10లో యాకోబు, యోహానులు సీమోనుకు "పాలివారు" అని ఉంటుంది, అదీ ఆ ఇంటి మాటే. ఒకే మాట తెలుగులోకి వచ్చేసరికి మూడు దారులు పట్టింది. చందా కానుకల సంచిలోకి వెళ్లింది, పాలు (వాటా) పొలం గట్టు మీదే ఆగిపోయింది, సహవాసం ఒక్కటే చర్చిలోకి వచ్చి కూర్చుంది.

అందుకే మనకు సహవాసం అనగానే చాపల మీద పక్కపక్కన కూర్చోవడం, నాలుగు పాటలు, టీ, గేటు దగ్గర "వందనాలండి" గుర్తొస్తాయి. గలిలయ చేపలవాళ్లకి ఇది చెబితే వింతగా చూసేవాళ్లు. పడవలో పాలివాడంటే చేపలు పడిన రోజు వాటా పట్టుకెళ్లేవాడు, వల చిరిగిన రోజు దారానికి డబ్బులిచ్చేవాడు కూడా.

ముసుగులు తీయండి, ఒకరి ముందు ఒకరు ఉన్నది ఉన్నట్టుగా ఉండండి అనే ప్రసంగాలు మన సంఘాల్లో తక్కువేమీ లేవు. వాటి మీద నా అభ్యంతరం ఒక్కటే. నిజం చెప్పినవాడికి ఖర్చవుతుంది. ఆ ఖర్చులో వాటా వేసుకోని సంఘానికి నిజం చెప్పమని అడిగే హక్కు లేదు.

ఆ ఖర్చు ఏమిటో మనందరికీ తెలుసు. ఆరాధన అయ్యాక "ఎలా ఉన్నారు బ్రదర్?" అంటే "దేవుని కృప అండి" అంటాడు. ఆ ఇంట్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఉంది. అది బయటపడితే రేపు చీటీ పాడుకున్నప్పుడు జామీనుకి ఎవరూ సంతకం పెట్టరు. ఇంకొకామె నిద్రకి, దిగులుకి డాక్టరు రాసిన మాత్రలు వేసుకుంటోంది. తెలిస్తే "విశ్వాసం చాలక" అంటారు, దాని కన్నా ముందు చెల్లెలి సంబంధం తప్పిపోతుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగు ఫెలోషిప్‌లో కీబోర్డు వాయించే కుర్రాడికి ఉద్యోగం పోయింది. హెచ్‌1బీ వీసా మీద ఉన్నవాడికి ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులు. ఆ అరవై రోజుల్లో వచ్చే ఎనిమిది ఆదివారాలూ అతను నవ్వుతూనే వాయిస్తాడు, ఎందుకంటే ఆ హాల్లో సగం మందికి అతని ఊరూ తెలుసు, అతని మామగారి ఊరూ తెలుసు. వీళ్లని వేషధారులనడం తొందరపాటు. వీళ్లు లెక్క వేసుకున్నారు, లెక్కా తప్పలేదు.

వేషధారి అన్న మాట ఎలాగూ వచ్చింది కాబట్టి దాని సంగతీ చూద్దాం. సువార్తల్లో ఆ చోట ఉన్న గ్రీకు మాటకి మొదటి అర్థం రంగస్థల నటుడు. మన అనువాదకులు పెట్టిన మాట కూడా వీధి భాగవతాన్నే గుర్తు చేస్తుంది. అయితే వేషం కట్టేవాడు ఒక్కడుంటే ఆట సాగదు. రాత్రంతా కూర్చుని చూసేవాళ్లు కావాలి, బాగా కట్టినవాడికి ఈలలు పడాలి. సంఘంలో వేషాలు ఎక్కువయ్యాయంటే నటుల్ని తిట్టి లాభం లేదు. దేనికి ఈలలు వేస్తున్నామో మనం చూసుకోవాలి.

అపొస్తలుల కార్యములు 5లోని అననీయ, సప్పీరా దంపతుల కథని సాధారణంగా దశమభాగం ప్రసంగంలో వాడుకుంటారు. అది పొరపాటు చదువు. పొలం అమ్మిన డబ్బు మొత్తం ఇవ్వాలన్న నియమం ఏదీ అక్కడ లేదు. "అది నీయొద్ద నున్నపుడు నీదే గదా?" అని పేతురే అంటాడు. అమ్మాక కూడా అతని వశమే అంటాడు. కొంత తెచ్చి "ఇది కొంతే" అని ఉంటే పేచీయే లేదు. కొంత తెచ్చి అదే మొత్తం అన్నట్టు పెట్టాడు. దీనికి ముందున్న వచనాలు చూడండి: బర్నబా పొలం అమ్మి డబ్బు మొత్తం తెచ్చాడు, అతనికి పేరొచ్చింది. ఆ పేరు వీళ్లకీ కావాలి, ఆ ధర మాత్రం వద్దు. ఆది సంఘం లోపల పుట్టిన మొదటి జబ్బుగా లూకా రాసింది దీన్నే.

నిజానికి ఖర్చున్నట్టు అబద్ధానికి లాభమూ ఉంటుంది. ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరకి ఇది బాగా తెలుసు. 1876–78 కరవులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని వేల మందికి కూలి దొరికేలా చూశాడు. అదే సమయంలో బాప్తిస్మాలు ఆపేశాడు. గింజల కోసం వచ్చినవాడెవడో, నమ్మి వచ్చినవాడెవడో ఆ రోజుల్లో ఎవరూ తేల్చలేరు, వచ్చినవాడికే తెలియకపోవచ్చు. కరవు పనులు ముగిశాకే మళ్లీ ఇవ్వడం మొదలైంది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకెని మన సంఘాల్లో గర్వంగా చెప్పుకుంటాం. అంతకుముందు ఆయన పాటించిన విరామం గురించి చెప్పుకోవడం తక్కువ.

ఇదే తూకంలో, చాలామంది ముట్టుకోని ఇంకో విషయం కూడా వేయాలి. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవారికే ఎస్సీ హోదా. సిక్కుల్ని 1956లో, బౌద్ధుల్ని 1990లో చేర్చారు, క్రైస్తవుల్ని చేర్చలేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారు బీసీ–సి కిందికి వస్తారు. ఫలితం తెలిసిందే: కాగితం మీద ఒక మతం, ఆదివారం ఇంకొకటి. ప్రసంగవేదిక మీంచి "రహస్య విశ్వాసులు" అని వెక్కిరించడం తేలిక. ఆ కాగితం మీద ఒక పిల్లవాడి సీటు, ఒక కుటుంబానికి తరాలుగా అందని ఉద్యోగం ఆధారపడి ఉన్నాయి. కాగితం విషయంలో అబద్ధం ఆడమని నేను చెప్పడం లేదు. చట్టరీత్యా అది చిక్కే, మనస్సాక్షికీ చిక్కే. నేనడిగేది ఇంకొకటి. ఆ కుటుంబం రేపు సంఘం ముందుకొచ్చి "మేం కాగితం మార్చుకుంటున్నాం, పిల్లవాడి ఇంజనీరింగ్ ఫీజులో మా దగ్గర ఇంత తక్కువ పడుతుంది" అంటే పక్కన కూర్చున్నవాళ్లు ఎంత వేస్తారు? ఆ లెక్క సిద్ధంగా లేనప్పుడు వెక్కిరింతకి అర్హత లేదు.

సరే, ఏం చేయాలి?

డబ్బు లెక్కలోంచే లోతైన సహవాసం పుట్టిన సందర్భం ఒకటుంది. 1742 ఫిబ్రవరి 15న ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ అనుచరులు ప్రార్థన మందిరం కట్టిన అప్పు ఎలా తీర్చాలా అని కూర్చున్నారు. తలా వారానికి ఒక పెన్నీ వేద్దామన్నారు. చాలామంది పేదవాళ్లు, ఇవ్వలేరు అన్నారు ఇంకొకరు. అప్పుడు కెప్టెన్ ఫోయ్ అనే ఆయన లేచి, బాగా పేదవాళ్లని పదకొండు మందిని నాకు అప్పజెప్పండి, వారం వారం నేను వెళ్లి కలుస్తాను, ఇవ్వగలిగితే తీసుకుంటాను, ఇవ్వలేకపోతే వాళ్ల పెన్నీ కూడా నేనే వేస్తాను అన్నాడు. మిగతావాళ్లూ అలాగే ఒప్పుకున్నారు. పెన్నీ కోసం గడప తొక్కినవాళ్లకి ఇంటి సంగతులు తెలిశాయి: ఒకచోట మొగుడూపెళ్లాల గొడవ, ఒకచోట తాగుడు. మెథడిస్టు "క్లాసు" కూడికలు అలా మొదలయ్యాయి, పన్నెండేసి మందితో. అంటే చందా ముందొచ్చింది, నిజం దాని వెనక వచ్చింది. మనం ఎప్పుడూ దీన్ని తిరగేసి ప్రయత్నిస్తాం.

మన ఊళ్లో దీనికి దగ్గరగా ఉన్నది డ్వాక్రా సంఘం. చూడండి, పేరు కూడా సంఘమే. పది పదిహేను మంది ఆడవాళ్లు, నెల నెలా పొదుపు, ఒక పుస్తకం, వరసగా అప్పు. ఎవరింట్లో ఎంత అప్పుందో, ఎవరి మగడు జీతం దారిలోనే ఖర్చు పెట్టేస్తాడో ఆ సంఘానికి తెలుసు. పక్కనే పాతికేళ్లుగా ఉపవాస కూడికలు జరుపుతున్న స్త్రీల సమాజానికి తెలియదు. డ్వాక్రాలో ఒత్తిళ్లున్నాయి, అవమానాలున్నాయి, అది పరలోకమేమీ కాదు. కానీ అక్కడ ఒకామె కిస్తీ తప్పితే మిగతావాళ్లకీ తగులుతుంది. తగులుతుంది కాబట్టే తెలుసుకుంటారు.

ఇక పని వివరాలు. గృహ కూడిక అనేది మనకి కొత్త కాదు, కాటేజ్ ప్రేయర్ అని ప్రతి పేటలోనూ ఉంది. కానీ అది సాధారణంగా చిన్న సైజు ఆదివారం: పాటలు, వాక్యం, ప్రార్థన, ఫలహారం. ఎవరూ ఎవరి గురించీ కొత్తగా ఏమీ తెలుసుకోకుండా రెండు గంటలు గడిచిపోయే ఏర్పాటు. దానికి సమాంతరంగా ఇంకొకటి కావాలి.

మనుషులు ఎనిమిది నుంచి పన్నెండు. ఎనిమిది మంది అయితే తలా ఆరు నిమిషాలు, 48. ముందు పది నిమిషాలు పాట, ప్రార్థన. చివర పదిహేను ఒకరి కోసం ఒకరు ప్రార్థన. మొత్తం గంటా పావు. పన్నెండు దాటితే తలా నాలుగు నిమిషాలు కూడా దక్కవు, అంత తక్కువలో మనిషి క్షేమ సమాచారం దాటి ముందుకి రాడు. పదమూడో మనిషి వచ్చిన రోజే రెండు గుంపులు చేసుకోవాలి. "ఇంకాస్త పెరిగాక విడదీద్దాం" అంటే పాతిక మంది వస్తారు, ఒకరు వాక్యం చెబుతారు, మళ్లీ కాటేజ్ ప్రేయర్ అయిపోతుంది.

ఇంతకన్నా లోతు కావాలంటే ముగ్గురు నలుగురే. వెస్లీ 1738 డిసెంబరు 25న చిన్న గుంపులకి నియమాలు రాశాడు: వారానికి ఒకసారి, చెప్పిన గంటకే రావాలి, వరసగా అందరూ తమ స్థితి దాపరికం లేకుండా చెప్పాలి, ఒకరు ముందుగా తన సంగతి చెప్పి తర్వాత మిగతావాళ్లని అడగాలి. మగవాళ్లు వేరు, ఆడవాళ్లు వేరు, పెళ్లయినవాళ్లు వేరు, కానివాళ్లు వేరు. మన ఊళ్లలో ఈ విభజన ఇంకా అవసరం. భార్యాభర్తల్ని ఒకే గుంపులో కూర్చోబెట్టి "అక్కా, మీరు చెప్పండి" అంటే ఆ అక్క ఇంటికెళ్లాక సమాధానం చెప్పుకోవాల్సింది మీకు కాదు. అత్తాకోడళ్లూ అంతే. ఇంటి యజమాని, అతని ఇంట్లోనే అద్దెకున్నవాడూ అంతే. ఒకే ఆఫీసులో పై ఉద్యోగి, కింది ఉద్యోగీ అంతే. ఒకరి బువ్వ ఇంకొకరి చేతిలో ఉన్నచోట నిజం రాదు, రావాలని ఆశించడం కూడా అన్యాయం.

కూర్చోవడం గుండ్రంగా, అందరూ ఒకే ఎత్తులో. ఇది చిన్న విషయంలా ఉంటుంది. అయ్యగారికి కుర్చీ, మిగతావాళ్లకి చాప వేసిన మరుక్షణం ఆ గదిలో ఒక గురువు, పదకొండు మంది శిష్యులు తయారవుతారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దలుంటే అందరికీ కుర్చీలే వేయండి, ప్లాస్టిక్ కుర్చీలు అద్దెకి దొరుకుతాయి.

ఫలహారం సంగతి మొదటి వారమే తేల్చాలి. ఒకరింట్లో ఉప్మా, తర్వాతి వారం ఇంకొకరింట్లో వడ, ఆ పై వారం ఇంకెవరో బిర్యానీ పెడతారు. నాలుగో వారం ఎవరింట్లో జరగాలో ఆమె "ఈ వారం మాకు కుదరదండి" అంటుంది. అలా రెండుసార్లు కుదరకపోయాక పూర్తిగా మానేస్తుంది. ఎందుకు మానేసిందో ఎవరికీ అంతు పట్టదు, బిర్యానీ పెట్టినామెకి అసలే పట్టదు. టీ, ఒక బిస్కెట్ ప్యాకెట్, అంతకు మించి ఏ ఇంట్లోనూ పెట్టకూడదు. విందు చేసుకోవాలనిపిస్తే అందరూ చందా వేసుకుని ఒకే వంట చేసుకుని ఒకే బంతిలో తినాలి. హైదరాబాద్ హెబ్రోనులో సువార్తికుడు బక్త్ సింగ్ గారి కాలం నుంచి ఆరాధన తర్వాత ప్రేమవిందు అని అందరూ వరసగా కూర్చుని తినడం ఉంది. ఎవరి పక్కన ఎవరు కూర్చుని తిన్నారన్నది మన దేశంలో చిన్న ప్రశ్న కాదు. కొరింథులో ఎవరి భోజనం వాళ్లు ముందే తినేసేవాళ్లు, ఒకడికి ఆకలి, ఒకడికి మత్తు. అది ప్రభువు రాత్రి భోజనం కానే కాదన్నాడు పౌలు.

మొదటి నాలుగు వారాలు పాపాల జోలికి వెళ్లకండి. ఈ వారం మీ పని ఎలా గడిచింది, ఇంట్లో నిద్ర సరిగ్గా పట్టనిది ఎవరికి, నెలాఖరుకి చేతిలో ఎంత మిగులుతోంది: ఇలాంటివే. మనిషి ముందు పెద్ద నిజం చెప్పడు. ఒక చిన్న నిజాన్ని వదిలి, అది ఎటు వెళ్తుందో చూస్తాడు. అది తిరిగి బజారులో ఎదురుపడకపోతే రెండోది చెబుతాడు. ఐదో వారం నుంచి ఒక ప్రశ్న చేర్చవచ్చు: పోయిన వారం నుంచి మీకు మీరే నచ్చని పని ఏదైనా చేశారా?

నడిపించేవారు ఎప్పుడూ ముందు చెప్పాలి. వాళ్లు ఎంత లోతుకి దిగితే మిగతావాళ్లు దానికి ఒక మెట్టు పైనే ఆగుతారు, కిందికి దిగరు. "నేను ప్రార్థనలో ఇంకా బలపడాలి, ప్రార్థించండి" అని నాయకుడు మొదలుపెడితే ఆ రాత్రి పన్నెండు మందీ ప్రార్థనలో బలహీనులే అవుతారు, ఇంకే పాపమూ ఊళ్లో ఉండదు. "మంగళవారం మా అబ్బాయిని కొట్టాను, తప్పు వాడిది కాదు, ఆఫీసులో కోపం వాడి మీద తీర్చాను" అంటే గది మారుతుంది. అలాగని ప్రతి వారం కొత్త ఘోరం తెచ్చి పెట్టాల్సిన పని లేదు. 1930ల నుంచి రువాండా, ఉగాండాల్లో సాగిన ఉజ్జీవంలో అందరి ముందూ పాపం ఒప్పుకోవడాన్ని "వెలుగులో నడవడం" అనేవారు. దానివల్ల విరోధులు కలిసిన సందర్భాలు ఎన్నో. కానీ ఒప్పుకోలే విశ్వాసానికి కొలబద్దగా మారిన చోట చీలికలు కూడా వచ్చాయి. దాపరికం లేకపోవడం కూడా ఒక వేషం కాగలదు, దానికీ ఈలలు పడతాయి.

విన్నవాళ్లు చేయాల్సింది చాలా తక్కువ, అదే కష్టం. చెప్పడం పూర్తయ్యాక పది సెకన్లు ఎవరూ నోరు విప్పకండి. తర్వాత ఒక్క ప్రశ్న: "మేం వింటే చాలా, ఏమైనా చేయాలా?" ఈ ప్రశ్న అడగకుండా, సమస్తమూ మేలు కోసమే సమకూడి జరుగుతుందనే రోమా 8:28 ఎత్తకండి. ఆ వచనం సత్యమే, కానీ గర్భం పోయిన నాలుగో రోజు ఒకామె ముందు దాన్ని చదవడం గాయం మీద కారం. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద కూర్చుని మాట్లాడకుండా ఉన్నారు. అంతవరకు వాళ్లు మంచి స్నేహితులే, ఆ తర్వాతే నోరు తెరిచారు.

గోప్యత గురించి "ఇక్కడ చెప్పింది ఇక్కడే ఉండాలి" అంటే సరిపోదు, ఎందుకంటే ఎవరూ దాన్ని చాడీగా బయటికి తీసుకెళ్లరు. ప్రార్థన మనవిగా తీసుకెళ్తారు. "ఫలానా సిస్టర్ కుటుంబం కోసం భారంగా ప్రార్థించండి, వివరాలు చెప్పలేను" అని వాట్సాప్ గ్రూపులో ఒక్క వాక్యం పడితే చాలు, రాత్రికి వివరాలన్నీ జనమే తయారుచేస్తారు. అందుకని నియమం సూటిగా ఉండాలి: ఎవరి విన్నపం వాళ్లే పెట్టుకోవాలి, ఇంకొకరిది వాళ్ల అనుమతి లేకుండా దేవుడి దగ్గర తప్ప ఎక్కడా పెట్టకూడదు. భర్తకీ చెప్పకూడదు, పాస్టర్‌గారికీ చెప్పకూడదు. పాస్టర్‌గారు విన్నారనుకోండి, పేరు చెప్పకుండానే వచ్చే ఆదివారం ప్రసంగంలో ఉదాహరణ అవుతుంది, వంద మంది వెనక్కి తిరిగి ఒక మనిషిని చూస్తారు. ఆ రోజుతో ఆ గుంపు అయిపోయినట్టే, మళ్లీ నమ్మకం కూడడానికి ఏడాది పడుతుంది, చాలాసార్లు కూడదు.

జర్మనీలో 1935లో పాస్టరు డీట్రిష్ బాన్‌హోఫర్ ఫింకెన్‌వాల్డేలో నడిపిన చిన్న సెమినరీలో ఒక నియమం ఉండేది: తోటివాడు లేనప్పుడు అతని గురించి మాట్లాడకూడదు, నోరు జారితే తర్వాత అతని దగ్గరికే వెళ్లి ఆ సంగతి చెప్పాలి. 1937లో నాజీల రహస్య పోలీసు దళం గెస్టపో ఆ సెమినరీని మూసేసింది. నా లెక్కలో ఆ నియమంలోని రెండో సగమే అసలు పని చేసేది. మొదటి సగం ఎవరైనా తప్పుతారు. రెండోది ఒక్కసారి పాటించాల్సి వస్తే, ఆ సిగ్గుకి మూడు నెలలు నాలుక అదుపులో ఉంటుంది.

గోప్యతకి హద్దు ఉంది, అది మొదటి రోజే చెప్పాలి. పిల్లల మీద లైంగిక హింస సంగతి తెలిస్తే దాచడం కుదరదు. 2012 పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకి చెప్పాలి, చెప్పకపోతే 21వ సెక్షను కింద శిక్ష. పాస్టర్‌కీ, సంఘ పెద్దలకీ మినహాయింపు లేదు. "ఇంట్లో క్షమించుకున్నారు, సంఘం పరువు" అన్న మాటలకి అక్కడ విలువ లేదు, ఉండకూడదు. పిల్లల సహాయానికి 1098. భార్యని కొడుతున్నట్టు తెలిస్తే ఇద్దర్నీ కూర్చోబెట్టి ప్రార్థన చేయించడం ప్రమాదం. ముందు ఆమెతో విడిగా మాట్లాడి, ఆమెకి ఏది సురక్షితమో ఆమెనే అడగాలి, మహిళల సహాయానికి ఉన్న 181 నంబరు ఇవ్వాలి. చనిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే ఆ రాత్రి ఒంటరిగా వదలకూడదు, మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416 టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు. వీటికి ఉపవాస ప్రార్థన చేయవద్దనను. ఫోను చేశాక చేయండి.

ఎక్కువ చెప్పేసిన మనిషి విషయం ఇంకొకటి ఉంది. గుండెలో ఉన్నదంతా ఒకేసారి కక్కేసినవాళ్లకి ఆ రాత్రి తేలిగ్గా ఉంటుంది, తెల్లారేసరికి సిగ్గు ముంచుకొస్తుంది. మరుసటి వారం రారు. కాబట్టి ఇరవై నాలుగు గంటల్లోపు ఒకరు ఫోను చేయాలి. నిన్న చెప్పిన విషయం ఎత్తకుండా, "టిఫిన్ అయిందా, రేపు మార్కెట్‌కి వెళ్తున్నాను వస్తావా" లాంటి మామూలు మాటలే. నిన్నటి మాట విన్నాక కూడా నువ్వు నాకు నిన్నటి మనిషివే అని చెప్పడానికి అంతకన్నా మంచి భాష లేదు.

ఆదివారం సాక్ష్యాల సమయాన్ని కూడా కొంచెం సవరించాలి. మైకు ముందుకొచ్చే సాక్ష్యాలన్నిటికీ ముగింపు ఉంటుంది: జబ్బు తగ్గింది, వీసా వచ్చింది, పిల్లవాడికి సీటు వచ్చింది. తగ్గనివాళ్లు, రానివాళ్లు వెనక వరసలో కూర్చుని తమ దగ్గర ఏదో లోపముందనుకుంటారు. మన కీర్తనల గ్రంథంలో సుమారు మూడో వంతు మొరలే. 88వ కీర్తన అయితే "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది, తర్వాత స్తోత్రం కూడా లేదు. దాన్ని బైబిల్లో ఉంచారు సరే, మన సాక్ష్యాల సమయంలో దాన్ని చదవనిస్తామా అని ఒకసారి మనల్ని మనం అడగాలి. నెలకి ఒక్క ఆదివారం, ఇంకా ముగియని సంగతికి ఐదు నిమిషాలు ఇవ్వండి. ముందే ఆ మనిషితో మాట్లాడి, ఏది చెప్పాలో ఏది వద్దో తేల్చుకున్నాక. చెప్పాక పాస్టర్ "దేవుడు తప్పక చేస్తాడు, హల్లెలూయా" అని దానికి ముగింపు అతికించకుండా ఉంటే చాలు.

చివరికి డబ్బా. గుంపుకి ఒక డబ్బా ఉండాలి, అది లేకపోతే పైన చెప్పినవన్నీ మాటలే. వారానికి ఎవరికి తోచింది వాళ్లు మూసిన కవరులో వేస్తారు, ఖాళీ కవరు వేసినా ఎవరికీ తెలియదు. పది మంది సగటున యాభై రూపాయలు వేస్తే వారానికి ఐదు వందలు, ఏడాదికి ఇరవై ఆరు వేలు. ఒక ఆసుపత్రి అడ్వాన్సుకి, ఒక సెమిస్టరు ఫీజులో లోటుకి అది సరిపోతుంది.

దీనిలోంచి అప్పు ఇవ్వకూడదు. ఇస్తే ఇచ్చేయడమే. అప్పు తీసుకున్నవాడు తీర్చలేని నెల కూడికకి రాడు, ఇచ్చినవాళ్లు అతని కొత్త చొక్కా వంక చూస్తారు. సభ్యులు ఒకరికొకరు జామీను ఉండడమూ వద్దు, సామెతలు 6వ అధ్యాయం దాని గురించి మొదటి వచనంలోనే హెచ్చరిస్తుంది. ఎంత ఇవ్వాలన్నది కన్నీళ్లని బట్టి తేల్చకూడదు. తేలిస్తే ఏడవడం వచ్చినవాళ్లకి ఎక్కువ, రానివాళ్లకి తక్కువ వెళ్తుంది, రెండు నెలల్లో గుంపుకి ఏడవడం అలవాటవుతుంది. క్లౌ దొర బాప్తిస్మాలు ఆపింది ఇలాంటి చోటే. ముందే రాసి పెట్టుకోండి: ఆసుపత్రికి ఇంత, చదువుకి ఇంత, ఉద్యోగం పోతే నెలకి ఇంత చొప్పున మూడు నెలలు. అడిగినవాళ్లు బిల్లు చూపిస్తే చాలు, కథ చెప్పక్కర్లేదు. గలతీ 6:2 ఒకరి భారం ఒకరు మోయమంది, మూడు వచనాల తర్వాత ఎవరి బరువు వాళ్లు మోసుకోవాలంది. రెండిటికీ మధ్య గీత ఎక్కడ గీయాలో గుంపు ముందే మాట్లాడుకుంటే, అడగాల్సి వచ్చిన రోజు ఎవరూ తల దించుకోనక్కర్లేదు.

డబ్బా ఒకరింట్లో, తాళం ఇంకొకరి దగ్గర. కవర్లు తెరిచేటప్పుడు ఇద్దరుండాలి, పుస్తకంలో ఇద్దరి సంతకాలూ పడాలి. ఆరు నెలలకోసారి ఆ ఇద్దరూ మారాలి, ఎంత నమ్మకస్థులైనా సరే.